గోతిలోని నీరెవరిది?

మన దేశమున గనులను గూర్చిన లెక్కలకు కొదువ లేదు. ఏ యేట నెన్ని టన్నుల బొగ్గు పైకి వచ్చినది, అది యెన్ని రైలుపెట్టెలకెక్కినది, అందువలన నే ఖజానాకెంత రాబడి చేరినది అని యడిగిన తోడనే చెప్పగలవారున్నారు. కాని బొగ్గు తీసిన పిమ్మట నేలలో మిగిలిన గోయి యెంత లోతు, అందు నిలిచిన నీరెంత, ఆ నీరెవరిది, దానికి కావలి యెవరు అని యడిగినచో బదులు చెప్పువాడు కానరాడు. బొగ్గు సంస్థది, రాబడి ప్రభుత్వములది, వెలుగు పట్టణములది, గోయి మాత్రము ఊరిది. ఈ నాలుగవ పద్దును గూర్చి నాలుగు మాటలు వ్రాయుటయే నేటి మా యుద్దేశము.

ఖమ్మము సీమకును భద్రాచలపు మన్యమునకును నడుమనున్న అడవిప్రాంతమున ఫాల్గుణమాసమున మేము మూడు దినములు సంచరించితిమి. ఇల్లందున పాతగనుల గోతులను చూచి, అచ్చటినుండి కొత్తగూడెమువఱకు బస్సునెక్కి, ఆపైన ముర్రేడు వాగు వెంబడి కిన్నెరసానికిని, కిన్నెరసాని వెంబడి బూర్గంపాడు చెంత గోదావరికిని కాలినడకను పోయితిమి. వాగు ఏటిలో కలియును, ఏరు మహానదిలో కలియును. ఇల్లందు గోతులకడ మనసున పుట్టిన ప్రశ్న యొకటి యీ నీటిదారి పొడవునను మమ్ము విడువలేదు.

ఈ సీమ హద్దుల సీమ. ఒకప్పు డిచ్చట గోదావరియే రెండు ప్రభుత్వముల నడిమి గీత. ఈ యొడ్డున బూర్గంపాడు నైజాము రాజ్యమున నుండగా ఆ యొడ్డున భద్రాచలము చెన్నపురి రాజధానికి చెందియుండెను. 1953లో వరంగల్లు జిల్లానుండి ఖమ్మము జిల్లా వేఱుపడినది. 1959లో తూర్పు గోదావరినుండి భద్రాచలము దానిలో కలిసినది. 2014లో పోలవరము ముంపునకు లోనగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోగా భద్రాచలము ఊరు మాత్రము తెలంగాణమున నిలిచినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము ప్రత్యేక జిల్లా యైనది. కాగితముమీది గీతలిట్లు కదలుచునేయున్నవి. నీరు మాత్రము తన త్రోవను తానే పోవుచున్నది. కావున ఈ సీమను తెలిసికొనగోరువాడు పటమును నమ్ముటకంటె వాగును నమ్ముట మేలు.

ఇల్లందు బొగ్గును గూర్చి యాత్రికులు చెప్పుకొను కథ యొకటి కలదు. భద్రాచలరాముని సేవింపబోవువారు త్రోవలో వంటకై మూడు నల్లరాళ్ళను పొయ్యిగా పేర్చి నిప్పు చేయగా, పుల్లలతో పాటు రాళ్ళును మండినవట. కథ యెట్లున్నను, 1871లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు విలియం కింగు ఈ ప్రాంతమున బొగ్గును గుర్తించెను. శ్రేష్ఠమైన పొర యొకటి నేటికిని ఆయన పేరిట ‘కింగు’ పొర యనియే వ్యవహరింపబడుచున్నది.

1886లో నైజాము ప్రభుత్వము గనుల హక్కును ఇద్దఱు ఆంగ్లవర్తకులకు ధారవోసెను. వారు లండనులో నెలకొల్పిన హైదరాబాదు దక్కను కంపెనీ మూలధనము పది లక్షల పౌండ్లు. అందలి వాటాలలో మిక్కిలిభాగము రొక్కము చెల్లింపకయే ఆ హక్కుదారుల చేతికి పోయినది. ఈ వ్యవహార మెంత రచ్చకెక్కెననగా, 1888లో ఇంగ్లండు కామన్సు సభయే దానిపై విచారణసంఘమును నియమింపవలసివచ్చెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. బొగ్గును తరలించుటకు డోర్నకలునుండి ఇల్లందునకు రైలుదారి పడినది. ఆ దారి ఈ యడవులకు నాగరకతను తెచ్చెనని కొందఱు వ్రాసిరి. తెచ్చినది కొంత యుండవచ్చును. తీసికొనిపోయినది మాత్రము పెట్టెల లెక్కన వ్రాయబడియున్నది.

1920 డిసెంబరు 23వ తేదీని సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడెను. 1945లో నైజాము ప్రభుత్వము దాని వాటాలను కొని స్వాధీనపఱచుకొనెను. నేడు ఆ సంస్థలో నూటికి 51 పాళ్ళు తెలంగాణ రాష్ట్రమువి, 49 పాళ్ళు కేంద్ర ప్రభుత్వమువి. పరదేశపు వాటాదారుల గుప్పిటనుండి మన సంపద మన చేతికి వచ్చినది. ఇది మనము గర్వింపదగిన మార్పు. వేలాది కుటుంబములకు అన్నము పెట్టిన సంస్థ యిది. దక్షిణదేశమున దీపములు వెలుగుటలో దీని పాలు చిన్నది కాదు. అయితే సొత్తు మనదైనప్పుడు పూచీయు మనదే యగును. లండను కంపెనీని లెక్క యడుగుటకు ఆనాటి పల్లెవాడికి నోరు లేదు. మన సంస్థను మన మడుగవచ్చును. అడుగుట మన విధియును.

ఇల్లందు చుట్టుపట్ల మేము చూచిన గోతులలో నొకదానిని వర్ణించెదము. దాని పేరు చెప్పుట మా తలంపు కాదు. ఇది యొక్క గోతి కథ కాదు. ఊరు దాటి ముళ్ళపొదలలో కొంతదూరము నడువగా కొండ యొకటి యెదురయ్యెను. అది దేవుడు పెట్టిన కొండ కాదు, గనిలోనుండి తీసిపోసిన మట్టికొండ. వానలకు దాని ప్రక్కలు చారలు చారలుగా కోసికొనిపోయినవి. నాటిన నీలగిరిచెట్లును సుబాబులు చెట్లును కొన్నిచోట్ల నిలద్రొక్కుకొన్నవి, కొన్నిచోట్ల వేళ్ళు పైకి తేలి వ్రాలినవి. దాని నెక్కి ఆవలికి చూడగా క్రిందను నీరు! నింగినంతటిని మ్రింగినట్లు నీలముగా, కొంత పచ్చగా, కదలక మెదలక నిలిచినది. లకుముకిపిట్ట యొకటి గట్టునుండి మునిగి లేచుచుండెను. నీరుకాకులు రాతిమెట్టుపై ఱెక్కలార్చుకొనుచుండెను. పట్టణవాసి చూచినచో సరోవరమని మురిసిపోవును. మేమును క్షణకాలము మురిసితిమి.

కాని ఆ నీటికి తీరము లేదు. తామరతూడు గాని తుంగ గాని లేదు. ఏలయన వేరు పట్టుటకు అంచున మెత్తని యొండు లేదు. నాలుగువైపుల నిలువుగోడలు, త్రవ్వినప్పటి మెట్లు ఒక్కొక్కటియు నాలుగైదు నిలువుల యెత్తు. పసివాడు జాఱినచో పట్టుకొనుటకు గడ్డిపోచయు దొరకదు. ప్రక్కనే మేకలను తోలుకొనివచ్చిన ముదుసలి యొకడు తుమ్మచెట్టు నీడను కూర్చుండియుండెను.

“తాతా, మందను నీళ్ళకు ఇక్కడికే దింపుతరా?” అని మేమడిగితిమి.

“ఏడ దింపుతం సారూ? నీళ్ళు కండ్లకు కనబడ్తయి గని మూతికందవు,” అని యతడు బదులు చెప్పెను. కొంతసేపటికి, “మా తాత కాలంల గిక్కడ చెలక ఉండేనంట,” అని తనలో తాననుకొన్నట్లు పలికెను.

చదువరులలో కొందఱికి ఈ గోయి యెట్లు మిగులునని సందేహము కలుగవచ్చును. పూర్వము బొగ్గును భూగర్భమున సొరంగములు త్రోలి తీసెడివారు. పైకప్పు కూలకుండుటకై నడుమ నడుమ బొగ్గుకంబములను విడిచెడివారు. గత యర్ధశతాబ్దిగా పైనుండి నేలనంతటిని ఒలిచివేయు పద్ధతి ప్రబలినది. నేటి ఉత్పత్తిలో అత్యధికభాగ మిట్లు వచ్చునదియే. ఇల్లందు, కొత్తగూడెము ప్రాంతములలో వెనుకటివారు విడిచిన కంబములను సైత మీ విధముననే పెకలించిరి. ఒక టన్ను బొగ్గు చేతికి చిక్కుటకు అయిదాఱు ఘనమీటర్ల మట్టిని, రాతిని తొలగింపవలెను. మొదటి కోతలోని మట్టిని ప్రక్కను గుట్టగా పోయుదురు. గని ముందునకు సాగినకొలది, ముందు తీసిన మట్టితో వెనుకటి గోతిని పూడ్చుచు పోవుదురు. తుదికోతకు వచ్చునప్పటికి పూడ్చుటకు వెనుక మట్టి లేదు. ఉన్న మట్టి ఆవలనెక్కడనో కొండయై కూర్చున్నది. ఆ తుదికోతయే మిగిలిపోవు గోయి.

గని నడచినన్నినాళ్ళును అందు ఊరు నీటిని యంత్రములతో తోడిపోయుదురు. ఇచ్చటి నేల ఇసుకరాయి. అది నీటిని పీల్చి దాచుకొను రాయి. గనిలో తోడినకొలది చుట్టుపట్ల బావులలో నీరు దిగజాఱును. గని మూసి యంత్రములను తీసికొనిపోయిన పిమ్మట రాతిలోని ఊటయు వాననీరును కూడి గోతిని నింపును. అనగా గోతిలో నిలిచిన నీరు ఆకాశమునుండి ఊడిపడినది మాత్రమే కాదు. ఊరిబావులలో నుండవలసిన నీరును అందు కొంత కలదు. ఈ యొక్క మాటను తెలిసికొన్నచో, ఆ నీటిపై నెవరికి హక్కున్నదను ప్రశ్నకు సగము సమాధానము దొరికినట్లే.

నీటిని నిలువచేయుట మన జాతికి క్రొత్తవిద్య కాదు. కిన్నెరసాని పుట్టిన ములుగు అడవులవైపుననే రామప్ప, లక్నవరము చెఱువులున్నవి. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు రామప్పగుడిని నిలిపి, చెంతనే చెఱువును కట్టించెను. గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. చెఱువు మాత్రము ఏ గౌరవమునకును ఎదురుచూడక ఎనిమిదివందల యేండ్లుగా పొలములకు నీరిచ్చుచున్నది. ఆ పెద్దలును నేలను త్రవ్వినవారే, మట్టిని ఎత్తిపోసినవారే. కాని వారు పోసిన మట్టి కట్ట యైనది. మనము పోసిన మట్టి గుట్ట యైనది.

చెఱువనగా నీరు మాత్రమే కాదు. చెఱువునకు కట్ట యుండును. పొలములకు విడుచుటకు తూముండును. మిగులునీరు పోవుటకు మత్తడి యుండును. వంతులవారిగా నీరు పంచుటకు నీరటికాడుండును. ఆ నీటిని నమ్ముకొన్న ఆయకట్టుండును. పశువు దిగుటకు వాలు, మనుష్యుడు దిగుటకు రేవు ఉండును. ఇవన్నియు కూడినప్పుడే అది చెఱువు. గోతికి కట్ట లేదు, తూము లేదు, మత్తడి లేదు, నీరటి లేడు, ఆయకట్టు లేదు. నీరు మాత్రమున్నది. ఇన్ని లేక నీరు మాత్రమున్నచో అది సంపద కాదు, అపాయము.

మఱునాడు కొత్తగూడెమున బస్సు దిగితిమి. ఇచ్చటి రైలుస్టేషను పేరు భద్రాచలం రోడ్. రామునికిని రైలునకును నడుమ ఇంకను నలువది కిలోమీటర్ల దారి యున్నది! బొగ్గుకొఱకు వచ్చిన రైలు బొగ్గున్నచోటనే ఆగినది. పట్టణము దాటి ముర్రేడు వాగు వెంబడి నడచితిమి. ఎండకు సన్నగిల్లిన వాగు ఇసుకలో పాయలు పాయలుగా పాఱుచుండెను. వానకాలమున ఇదియే గట్లను కోసి యిండ్లమీదికి వచ్చునని ఇచ్చటివారికి తెలియును.

కొత్తగూడెమునకు తూర్పున గరీబుపేట యను పల్లెచెంత నొక కొండ కలదు. ఆ కొండరాతిలోను, దాని చుట్టునున్న మట్టిలోను గార్నెట్టు అను ఎఱ్ఱని మణులు దొరకును. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడు, క్రీస్తుశకారంభమున రోముతో వర్తకము నెఱపిన ప్రాచీన రేవు. అచ్చటి త్రవ్వకములలో లభించిన ఎఱ్ఱపూసలు ఈ కొండ మణులతో జేయబడినవని, రెంటియందలి రసాయనపదార్థములను, లోపల చిక్కుకొన్న ఖనిజపు నలుసులను పోల్చి చూచి, శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిరి. ఈ సీమ సంపద దూరదేశముల మెడలో వెలుగుట బొగ్గుతో మొదలు కాలేదన్నమాట. రత్నముల కొండ క్రిందనున్న యూరి పేరు గరీబుపేట! ఆ పేరెవరు పెట్టిరో గాని, ఈ సీమ చరిత్రనంతటిని ఒక్కమాటలో వ్రాసిపెట్టిరి.

ముర్రేడు కలిసిన పిమ్మట కిన్నెరసాని వెడల్పై నడచును. ఎగువను యానంబైలు కడ ఆనకట్టయు జలాశయమును కలవు. అచ్చటి నీరు పాల్వంచ విద్యుత్కేంద్రమునకు పోవును. దాని చుట్టును సుమారు 635 చదరపు కిలోమీటర్ల యడవి అభయారణ్యముగా కాపాడబడుచున్నది. ఆ మడుగులలో మొసళ్ళున్నవి. మేము నడచినది ఆనకట్టకు దిగువను. మోదుగులు విరగబూచి అడవి నిప్పంటుకొన్నట్లుండెను. తెల్లవాఱుజామున ఇప్పచెట్ల క్రింద కోయస్త్రీలు గంపలతో రాలిన పూవులనేరుచుండిరి. ఇంకొక నెల గడచినచో తునికాకు కోత మొదలగును. మద్ది, తునికి, వెదురు, టేకు ఒడ్డుపొడవునను నీడనిచ్చినవి. ఏటిలో నీరు మోకాలిబంటి. అడుగున గులకరాయి గులకరాయియు కనబడును.

విశ్వనాథ సత్యనారాయణగారు ఈ యేటిని నాయికగా జేసి ‘కిన్నెరసాని పాటలు’ రచించిరి. అత్తయింటి బాధలకు తాళలేక అడవికి పోయిన యిల్లాలు కరగి యేరైనదనియు, వెంబడించిన మగడు రాయైనాడనియు అందలి గాథ. దుఃఖము నీరై ప్రవహించెనను ఆ యూహ మాకీ నడకయందు మఱియొక రీతిని స్ఫురించినది. ప్రవహించు నీరు తన దుఃఖమును కడుగుకొనును. ఇసుకలో వడియగట్టుకొని, ఎండలో వేడియెక్కి, రాళ్ళపై పడి గాలి పీల్చుకొని, కొంతదూరము పోవుసరికి తేటపడును. గోతిలోని నీటికి ఆ భాగ్యము లేదు. అందేమి చేరినను అందే యుండును. సింగరేణి బొగ్గులో గంధకము స్వల్పముగాన ఇచ్చటి గోతినీరు కొన్ని పరదేశపు గనులలోవలె పులిసి విషము కాకపోవచ్చును. కాని యే గోతినీరెట్టిదో పరీక్షచే తెలియవలసినదే గాని కంటిచూపుతో తెలియునది కాదు. పరీక్ష జరిగినచో దాని ఫలితము ఆ యూరివానికి అతని భాషలో తెలియవలెను.

మూడవనాటి సాయంకాలమునకు బూర్గంపాడు చేరితిమి. ఇచ్చటనే కిన్నెరసాని గోదావరిలో లీనమగును. సారపాక దాటి వంతెనమీద నిలిచినచో ఆవలి యొడ్డున భద్రాద్రి శిఖరము కనబడును. ఫాల్గుణమున గోదావరి శాంతమూర్తి. ఇసుకతిన్నెల నడుమ నిద్రించునట్లుండును. ఈ శాంతిని నమ్మి మోసపోవువారిచ్చట లేరు. 1986 ఆగస్టులో ఇదే నది భద్రాచలముకడ 75.6 అడుగులు లేచినది. 2022 జూలైలో 71.3 అడుగులు. గోదావరి పొంగినప్పుడు కిన్నెరసాని నీరు ముందునకు పోలేక వెనుకకు తన్ను. బూర్గంపాడు పల్లెలు ఆ వెనుదన్నులో మునుగును.

అయినను నదికి కొలకఱ్ఱ కలదు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. అంకె రేడియోలోను పత్రికలలోను వచ్చును. అంకెను బట్టి అధికారులు కదలుదురు, ప్రజలు మూటలు కట్టుకొందురు. అంత పెద్దనదికి లెక్క పెట్టగలిగినవారము ఇంత చిన్న గోతికి లెక్క పెట్టలేకున్నామన్నచో అది శక్తి లేక కాదు, తలపు లేక.

శాసనములు లేవా యనిన, ఉన్నవి. కేంద్ర బొగ్గుశాఖ 2009లో గని మూసివేతకు నియమములు చేసినది. ప్రతి గనికిని మూసివేత ప్రణాళిక ముందుగనే యుండవలెను. ఆ ఖర్చునకై, ఆనాటి ధరల ప్రకారము, పైత్రవ్వకపు గని హెక్టారొక్కంటికి ఆఱు లక్షలు, భూగర్భగనికి ఒక లక్ష రూపాయల చొప్పున లెక్కగట్టి ఏటేట ప్రత్యేకపు ఖాతాలో జమ చేయవలెనని ఆ నియమములు నాడు విధించినవి. 2009కి పూర్వమే విడువబడిన గనులకు సయితము 2022లో మార్గసూత్రములు వెలువడినవి. 2015లో గనుల చట్టమును సవరించి జిల్లా ఖనిజనిధిని ఏర్పఱచిరి. పాత కౌళ్ళ విషయమున రాయల్టీలో నూటికి 30 పాళ్ళకు సమానమైన మొత్తము గనుల బాధితప్రాంతమునకై ఆ నిధికి చేరవలెను. ఈ సీమలో మిక్కిలిభాగము రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు క్రిందిది. 1996 నాటి చట్టము ఇట్టి ప్రాంతములందు చిన్న నీటివనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించినది. 1997లో సమతా కేసులో సుప్రీముకోర్టు, షెడ్యూలు ప్రాంతపు గనుల నికరలాభములో నూటికి 20 పాళ్ళకు తక్కువ గాకుండ ఆ ప్రాంతపు నీటివనరులకు, బడులకు, వైద్యమునకు వెచ్చింపవలెనని ఉగ్గడించినది. మాట కఱవు కాదు. ఆ మాట గోతి గట్టువఱకు నడచిరాకుండుటయే కఱవు.

ఇది కానిపని యనువారికి రెండు నిదర్శనములు చూపెదము. జర్మనీదేశపు లౌజిట్సు సీమయందు గోధుమవర్ణపు బొగ్గుకై త్రవ్విన మహాగోతి యొకటి సెన్ఫ్టెన్‌బర్గు పట్టణము చెంత నుండెను. 1967లో దానిని నదీజలముతో నింప మొదలిడి 1972లో ముగించిరి. 1973లో ప్రజల స్నానమునకు తెఱచిరి. గొప్పతన మెచ్చట నున్నదనగా, నీరు రాకముందే గట్లను వాలుగా దిద్ది తీరమును తీర్చుటలో నున్నది. అంతదూరము పోనక్కఱలేదు, ఛత్తీసుగఢులో సూరజ్‌పూరు జిల్లా కేనాపరా యను పల్లెకడ విడిచిన బొగ్గుగోతిలో స్థానిక స్త్రీల సంఘములు పంజరములు వేసి చేపలు పెంచుచున్నవి, పడవలు నడపుచున్నవి. అచ్చట నైనది ఇచ్చట నేల కాకూడదు?

సింగరేణి సంస్థయు ఈ దెస చూడకపోలేదు. పాతగోతుల నీటిని మీదికెక్కించి తిరిగి జాఱవిడిచి విద్యుత్తు తీయు కేంద్రములను రామగుండము వైపున మేడిపల్లిలోను, ఇల్లందులోను నెలకొల్పు తలంపును ప్రకటించినది. యోచన మంచిదే. కాని ఆ నీటిలో పల్లెకు వంతెంతయో ముందుగా తేలవలెను. లేనిచో బొగ్గు పోయిన దారినే నీరును పోవును. విద్యుత్కేంద్రముల బూడిదతో గోతులను పూడ్చుట మఱియొక యోచన. బూడిదలోని లోహములు ఇసుకరాతి గుండ బావులలోనికి దిగకుండునట్లు అడుగును బందోబస్తు చేసి, చుట్టుబావులను పరీక్షించుచు చేయుదురేని చేయవచ్చును. అట్లు గాక చేసినచో గోయి పూడును గాని బావి చెడును. విహారస్థలములు, పడవషికార్లు కావలెననువారును కలరు. అవి వలదనము. అయితే చుట్టమునకు షికారు చూపుటకు ముందు ఇంటివానికి దాహము తీర్చుట గృహస్థధర్మము.

మేము కోరునవి గొప్పవి కావు. మొదటిది, ప్రతి విడిచిన గోతికిని పేరును సంఖ్యయును పెట్టి, దాని విస్తీర్ణము, లోతు, నీటిమట్టము, నీటిపరీక్ష ఫలితము ఏటేట గ్రామపంచాయతీ గోడపై తెలుగున వ్రాయవలెను. రెండవది, యంత్రములు గనిని విడిచిపోకముందే ఒక్కవైపు గోడనైనను వాలుగా దిద్ది మనుష్యులకు, పశువులకు రేవును కల్పింపవలెను. తక్కిన వైపుల కంచె వేయవలెను. యంత్రములున్నప్పుడు కొలదిదినములలో జరుగు పని, అవి పోయిన పిమ్మట తరతరములకును జరుగదు. మూడవది, పనికివచ్చు నీటిని ఎత్తి సమీపపు చెఱువులకు చేర్చవలెను. అప్పుడు ఆ నీటికి తూము, మత్తడి, నీరటి తమంతనే యేర్పడును. నాలుగవది, చేపల హక్కు ఆ నేలను పోగొట్టుకొన్న కోయకుటుంబముల సంఘములకే దక్కవలెను. బయటి గుత్తదారునకు వేలము వేయరాదు. అయిదవది, ఇవి జరిగినవని గ్రామసభ యొప్పుకొన్న పిమ్మటనే గని మూసివేత ముగిసినదని చెప్పుకొనవలెను.

వీనికి వ్యయమగు ననుట నిజమే. కాని ఈ వ్యయము దానము కాదు, అప్పు తీర్చుట. బొగ్గు ధరలో త్రవ్వువాని కూలి కలదు, యంత్రపు వెల కలదు, రైలుబాడుగ కలదు. గోతిని బాగుచేయు ఖర్చును అందు చేర్చనిచో ఆ బొగ్గు చౌకయైనట్లు తోచునే గాని నిజముగా చౌక కాదు. మిగిలిన వెలను మేకలకాపరి మనుమలు చెల్లించుచున్నారు. పరాయి పాలనలో మన సొమ్ము సముద్రములు దాటుచున్నదని మన పెద్దలు మొఱపెట్టిరి. స్వపరిపాలనలో ఒక పల్లె సొమ్ము ఇంకొక పట్టణమునకు లెక్కలేక దాటిపోయినచో ఆ మొఱ మాసినదని యెట్లనగలము?

పదునేడవ శతాబ్దిలో ఇదే పాల్వంచ పరగణాకు కంచెర్ల గోపన్న తహశీలుదారుగా నుండెను. సర్కారునకు చేరవలసిన పన్నుసొమ్మును భద్రాద్రిపై గుడికి వెచ్చించిన నేరమునకు గోలకొండ కోటలో చెఱ ననుభవించెను. ఈ నేల సొమ్మును ఈ నేలమీదనే ఖర్చుపెట్టినవానిని నాటి ప్రభుత్వ మంత కఠినముగా లెక్క యడిగినది. అదే నేలనుండి నూటముప్పదియేండ్లకు పైగా సొమ్ము తరలిపోవుచున్నది. మిగిలిన గోతికి లెక్క చెప్పుమని నేడు పల్లెవాడు అడుగుచున్నాడు. అతడు చెఱసాలలు కోరుట లేదు. ఒక రేవు, ఒక తూము, ఒక నీరటికాడు — ఇంతమాత్రమే కోరుచున్నాడు. ప్రజల సంస్థ ప్రజలకు ఈ పాటి లెక్క చెప్పలేదా?